అది గడ్డి కాదు, తుంగ

అందరికీ నమస్కారం. బోటనీ విద్యార్థులకు, అధ్యాపకులకు, నర్సీపట్నం నుంచి నా కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మావాళ్లకు కూడా.

ఈ ప్రసంగానికి పిలిచినప్పుడు మేడమ్ గారు ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగారు. "అమెరికాలో కొండ మీద ఉద్యోగం చేశారట. కొండ మీద ఉద్యోగమేంటండీ, అక్కడ ఏం పని ఉంటుంది?" ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ అదే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను ఇక్కడే ఎమ్మెస్సీ బోటనీ చదివాను. పెళ్లయ్యాక న్యూయార్క్ రాష్ట్రానికి వెళ్లాను. పదిహేనేళ్లపాటు నా చదువు పెరటి మొక్కలకు తప్ప ఎవరికీ ఉపయోగపడలేదు. పిల్లలు కాలేజీలకు వెళ్లాక ఒక ప్రకటన చూశాను. మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య దాకా పని. రోజూ ఒక శిఖరం ఎక్కాలి. పైకి వచ్చేవాళ్లతో మాట్లాడాలి. అక్కడి మొక్కల గురించి చెప్పాలి. సాయంత్రం దిగిపోవాలి. ఈ పనిని అక్కడ 'సమ్మిట్ స్టూవర్డ్' అంటారు. దరఖాస్తు పెట్టాను, పిలిచారు. రెండు సీజన్లు చేశాను.

ఆ కొండల పేరు ఆడిరాండాక్స్. న్యూయార్క్ నగరం నుంచి కారులో ఉత్తరంగా ఐదు గంటల ప్రయాణం. 1932లో, మళ్లీ 1980లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగిన లేక్ ప్లాసిడ్ ఊరు ఆ కొండల మధ్యలోనే ఉంది. చుట్టూ ఉన్న ఆడిరాండాక్ పార్క్ 60 లక్షల ఎకరాలు. 1892లో ఏర్పాటు చేశారు. దానికి గేటు లేదు, టికెట్ లేదు. ఎవరైనా రావచ్చు, ఎక్కవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది.

అక్కడ అన్నిటికంటే ఎత్తైన శిఖరం మౌంట్ మార్సీ. 5,344 అడుగులు, అంటే 1,629 మీటర్లు. మన పాడేరు వైపు అర్మకొండ 1,680 మీటర్లు. అంటే మన కొండే కాస్త ఎక్కువ. మన కొండ మీద నిక్షేపంగా చెట్లున్నాయి. మార్సీ తల మీద ఒక్క చెట్టు నిలబడదు. ఎందుకో ఫస్టియర్ పిల్లలు చెప్పగలరా? అవును, అక్షాంశం. మనం 18 డిగ్రీల దగ్గర ఉన్నాం, అది 44 డిగ్రీల దగ్గర ఉంది. హిమాలయాల్లో మూడున్నర వేల మీటర్లు దాటాక కనపడే చెట్ల హద్దు అక్కడ దాదాపు పదిహేను వందల మీటర్లకే వచ్చేస్తుంది. ఆ హద్దు దగ్గర ఫర్, స్ప్రూస్ చెట్లు నా మోకాలి ఎత్తుకు కుంగిపోయి, గాలి తోసిన వైపుకే వాలి ఉంటాయి. పిల్ల మొక్కలు అనిపిస్తాయి, కానీ వాటిలో కొన్ని వయసులో నా కంటే పెద్దవి.

ఆ హద్దు పైన మిగిలిన నేలంతా కలిపి సుమారు 170 ఎకరాలు. న్యూయార్క్ రాష్ట్రం మొత్తంలో ఆల్పైన్ మొక్కలు, అంటే చెట్ల హద్దు పైన పెరిగే చలి మొక్కలు, బతికే చోటు అంతే. ఇరవై చిల్లర శిఖరాల మీద తునకలు తునకలుగా పడి ఉంది. ఒక మోస్తరు చెరువు కింద ఆయకట్టు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఈ మొక్కలు అక్కడికి ఎలా వచ్చాయన్నది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ. సుమారు పన్నెండు వేల ఏళ్ల కింద ఆ ప్రాంతాన్ని కప్పిన మంచుపలక కరిగి వెనక్కి వెళ్లింది. ఖాళీ అయిన నేల మీదికి ముందుగా వచ్చినవి ఉత్తర ధ్రువం చుట్టూ పెరిగే చలి మొక్కలు. వాతావరణం వేడెక్కే కొద్దీ కింద అడవి వచ్చేసింది. చలి మొక్కలు ఉత్తరానికి జరిగిపోయాయి. కొన్ని మాత్రం కొండ ఎక్కాయి. అక్కడే ఉండిపోయాయి. వాటి చుట్టాలు ఇప్పుడు కెనడాలోని లాబ్రడార్‌లో, గ్రీన్‌లాండ్‌లో ఉన్నాయి. డయాపెన్సియా అనే మొక్క ఉంది. పూర్తి పేరు డయాపెన్సియా లాప్పోనికా. పేరులోనే లాప్‌లాండ్, అంటే యూరప్ ఉత్తర కొసన ఉన్న చలి ప్రాంతం, ఉంది చూడండి. మెత్తటి దిండులా గుండ్రంగా, నేలకు అంటుకుని పెరుగుతుంది. ఆ దిండు ఆకారం గాలిని తప్పించుకోవడానికి, పగటి వేడిని లోపల దాచుకోవడానికి. ఏడాదికి పెరిగేది అతి కొంచెం. జూన్ మొదట్లో తెల్లటి ఐదు రేకల పూలు పూస్తుంది. ఆ రెండు వారాలూ దిండు మీద ఎవరో పేలాలు చల్లినట్టు ఉంటుంది. బూట్స్ రాటిల్‌స్నేక్ రూట్ అని మరో మొక్క. ఈశాన్య అమెరికాలోని కొన్ని శిఖరాల మీద తప్ప ఈ భూమి మీద ఇంకెక్కడా లేదు. అది మొదటిసారి కంటపడినప్పుడు నేను అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. ఎమ్మెస్సీలో ఎండిన మొక్కలు అతికించిన హెర్బేరియం షీట్లు తిప్పిన చేతులు ఇవేనా అనిపించింది.

కానీ నా ఉద్యోగమంతా నిజానికి వీటి చుట్టూ తిరగలేదు. తిరిగింది బిగెలో సెడ్జ్ చుట్టూ. సెడ్జ్ అంటే మన తుంగ కుటుంబమే, సైపరేసీ. పచ్చగా, సన్నగా, గుబురుగా ఉంటుంది. ఎవరు చూసినా గడ్డి అనుకుంటారు. ఆరేడు గంటలు రాళ్లలో, బురదలో, వేర్ల మీద నడిచి వచ్చిన మనిషికి ఆ పచ్చదనం కనపడగానే ఏమనిపిస్తుంది? హమ్మయ్య, మెత్తటి గడ్డి, కాసేపు పడుకుందాం అనిపిస్తుంది. తప్పు పట్టలేం. వాళ్ల ఊళ్లో పార్కులో గడ్డి మీదే కదా పడుకుంటారు.

ఇక్కడ రైతు కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారని విన్నాను. మీకు తుంగ గురించి నేను చెప్పాలా? మా నాన్న జీవితమంతా వరిచేలో తుంగ పీకారు. ఎంత పీకినా మళ్లీ వస్తుందని తిట్టుకునేవారు. గడ్డికీ తుంగకూ తేడా నాకు నేర్పింది ఆయనే, ఏ ప్రొఫెసరూ కాదు. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడమనేవారు. గడ్డి కాడ గుండ్రంగా తిరుగుతుంది, తుంగ కాడ మూడు పలకలుగా వేలికి తగులుతుంది. ఆయన పీకిన కుటుంబాన్నే నేను ఆ కొండ మీద కాపాడాల్సి వచ్చింది. మన తుంగ పీకితే వస్తుంది. ఆ తుంగ తొక్కితే పోతుంది.

ఎందుకు పోతుందో చెప్తాను, ఇదే అసలు సంగతి. కింద గట్టి రాయి. దాని మీద వేల ఏళ్లుగా చచ్చిన మొక్కలే పేరుకుని అయిన పలచటి నల్ల మట్టి. కొన్నిచోట్ల అది జానెడు కూడా ఉండదు. మొక్క పెరిగే కాలం ఏడాదికి రెండు మూడు నెలలు. బూటు పడితే చిగురు నలుగుతుంది. మళ్లీ చిగురు వేసే లోపల ఇంకో బూటు పడుతుంది. వేరు చచ్చాక మట్టిని పట్టుకునేది ఉండదు. వాన, గాలి, మంచు కలిసి ఆ మట్టిని ఊడ్చేస్తాయి. మిగిలేది బోడి రాయి. 1960లు, 70ల నాటికి ఆ శిఖరాల్లో చాలాచోట్ల అదే జరిగింది.

దాన్ని పట్టించుకున్న మనిషి ఎడ్విన్ కెచ్‌లెడ్జ్. సిరక్యూస్‌లోని అటవీ కళాశాలలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు పదో పర్వత దళంలో పనిచేసిన సైనికుడు. ఆయన చేసిన పని ఈ తరగతిలో అందరూ తెలుసుకోవాలి. బోడిబారిన చోట ఆల్పైన్ మొక్కల విత్తనం నేరుగా వేస్తే నిలబడదు, మట్టి ముందే జారిపోతుంది. అందుకని ఆయన ముందు మామూలు గడ్డి విత్తనం చల్లారు, కాస్త సున్నం, ఎరువు కలిపి. ఆ గడ్డి మట్టిని పట్టుకుంటుంది. ఎరువు అయిపోయాక, చలికి తట్టుకోలేక క్రమంగా తగ్గిపోతుంది. ఈ లోపల దాని మధ్యన నాచు వస్తుంది. నాచు మీదకి అక్కడి సొంత మొక్కలు తిరిగి వస్తాయి. ఆ విత్తనాల సంచులు, ఎరువు సంచులు వీపున మోసుకుని పైకి తీసుకెళ్లింది కొండలెక్కే మామూలు స్వచ్ఛంద కార్యకర్తలు.

కానీ మొలిచినదాన్ని మళ్లీ తొక్కుతూ ఉంటే విత్తనం చల్లి ఏం లాభం? అందుకే 1989లో సమ్మిట్ స్టూవర్డ్ కార్యక్రమం మొదలైంది. ఆడిరాండాక్ మౌంటెన్ క్లబ్, నేచర్ కన్సర్వెన్సీ అనే ప్రకృతి రక్షణ సంస్థ వారి ఆడిరాండాక్ శాఖ, న్యూయార్క్ రాష్ట్ర పర్యావరణ శాఖ కలిసి నడిపిస్తున్నాయి. విత్తనం పక్కన ఒక మనిషిని నిలబెట్టడం, అంతే. అప్పటి నుంచి ఐదు లక్షల మందికి పైగా ఎక్కేవాళ్లతో స్టూవర్డ్‌లు మాట్లాడారు. ఒక్కొక్కరితో, ఎదురుగా నిలబడి.

మా చేతిలో చలానా పుస్తకం ఉండదు. జరిమానా వేయలేం, కిందికి పంపలేం. అది రేంజర్ల పని. మాకున్నది మాట ఒక్కటే. గేటు లేదు, టికెట్ లేదు అన్నాను కదా. అంటే పైకొచ్చిన మనిషికి మొక్కల గురించి చెప్పే మొట్టమొదటి మనిషి చాలాసార్లు నేనే.

నా మొదటి వారం అల్గాంక్విన్ శిఖరం మీద. మార్సీ తర్వాత అదే ఎత్తైనది, 5,114 అడుగులు. ఒకాయన సెడ్జ్ మధ్యలో నిలబడి ఫొటో తీసుకుంటున్నాడు. నేను గబగబా వెళ్లి, "దయచేసి దిగండి, అవి రక్షిత మొక్కలు" అన్నాను. దిగాడు. సారీ కూడా చెప్పాడు. పావుగంట తర్వాత చూస్తే అవతలి వైపు మళ్లీ సెడ్జ్ మీదే కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు. అతను నా మాట కాదనలేదు. నేను చూపించిన చోటు దిగాడు, అంతవరకే. ఆ పచ్చటిదంతా ఒకటేనని, ప్రాణమున్న అరుదైన మొక్క అని నేను చెప్పనే లేదు. ఆ రాత్రి టెంట్‌లో నిద్ర పట్టలేదు. చదువుకుని, పదిహేనేళ్లు ఎదురుచూసి, తీరా పనిలోకి వచ్చాక నేను నోటీసు బోర్డు చేసే పనే చేశాననిపించింది.

నాతో పాటు ఆ వారం ఉన్న సీనియర్ స్టూవర్డ్ ఒకామె ఎలా మాట్లాడుతుందో మర్నాటి నుంచి గమనించాను. ఆమె ముందు మనిషిని అభినందించేది. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ దారిన ఎక్కారు, మొదటిసారా అని అడిగేది. వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగేది. అటు మార్సీ, ఇటు లేక్ ప్లాసిడ్ అని చూపించేది. తర్వాత వాళ్ల కాళ్ల దగ్గర ఉన్న డయాపెన్సియా చూపించి, "ఈ పక్కనున్నది ఎంత కాలంగా ఇక్కడ ఉందో ఊహించగలరా?" అనేది. ఆ మాటతో వాళ్లు వంగి చూస్తారు. వంగిన మనిషి తన బూటు ఎక్కడుందో తనే చూసుకుంటాడు. ఆఖర్న ఒక మాట మాత్రం చెప్పేది: రాయి మీద నడవండి. ఇంత తేలికైన పని నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

ఇంకొకటి నేర్చుకున్నాను. మనిషి చేతికి పని ఇస్తే మాట బాగా నాటుకుంటుంది. అల్గాంక్విన్ దారిలో కింద రాళ్ల కుప్ప ఒకటి పెడతారు. ఎక్కేవాళ్లు ఓపికను బట్టి ఒక రాయి బ్యాగులో వేసుకుని పైకి తేవచ్చు. పైన రాళ్లను మొక్కల మధ్య నుంచి పెకలిస్తే మళ్లీ అదే నష్టం, అందుకని కింద నుంచే రావాలి. ఆ రాళ్లతో మేం దారికి అటూ ఇటూ చిన్న గట్లు కడతాం, దారి చూపే గుర్తు గుట్టలు నిలబెడతాం, బోడి మట్టి జారిపోకుండా కప్పుతాం. చిన్న పిల్లలు పిడికెడు రాయి తెచ్చి, "ఇది ఎక్కడ పెడతావు?" అని అడుగుతారు. పెట్టిన చోటు చూపిస్తే ఆ పక్క మొక్కకు వాళ్లే కాపలా. వాళ్ల నాన్న కాలు వేయబోయినా ఊరుకోరు.

వాతావరణం గురించి రెండు మాటలే చెప్తాను. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరు డిగ్రీల దాకా చలి పెరుగుతుంది, దానికి గాలి తోడవుతుంది. జూలైలో కింద చెమటలు కక్కుతూ బయల్దేరిన కాటన్ టీషర్టు పైన తడిగుడ్డై వణికిస్తుంది. ఉరుము వినపడితే బోడి శిఖరం మీద అందరికంటే ఎత్తైనది మనిషి తలే. అప్పుడు మొక్కల పాఠం ఆపేసి అందర్నీ దింపడమే పని. జూన్‌లో నల్ల ఈగలు కుడితే చెవుల వెనక రక్తం కారుతుంది. రాత్రి తిండి ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి టెంటుకు దూరంగా ఉంచాలి. ఇవన్నీ అలవాటైపోతాయి.

జనం మాత్రం అలవాటు కారు. ప్రతిరోజూ కొత్తే. కాస్కేడ్ అని ఒక శిఖరం ఉంది, 4,098 అడుగులు. రోడ్డు నుంచి రెండున్నర మైళ్ల లోపే, అందుకని అందరికీ అదే మొదటిది. అక్టోబరులో ఆకులు రంగు మారే సెలవు వారాంతం అయితే చెప్పక్కర్లేదు. కెనడాలో కూడా అప్పుడే సెలవు, మాంట్రియల్ నుంచి కార్లు కార్లుగా దిగుతారు. వాళ్ల కోసం ఫ్రెంచ్‌లో నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను. వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి చేతిలో నొక్కుడు యంత్రం ఉంటుంది. ఒకరోజు నాలుగు వందలు దాటింది.

ఆ కాస్కేడ్ మీదే ఒక ఆదివారం నా వెనక నుంచి తెలుగు వినపడింది. "ఇక్కడ మెత్తగా ఉంది, దుప్పటి పరవండి." న్యూజెర్సీ నుంచి వచ్చిన కుటుంబం. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన తాతగారు. స్టీలు డబ్బాలో పులిహోర వాసన నాకు అక్కడికే వచ్చింది. నేను వెళ్లి, "బాబాయిగారూ, అది గడ్డి కాదండీ, ఇటు రాయి మీదకి వస్తారా" అన్నాను. ఆయన తెల్లబోయి నా యూనిఫాం కేసి, నా మొహం కేసి చూశారు. "మన తెలుగమ్మాయివా! ఈ కొండ మీద ఏం చేస్తున్నావమ్మా?"

అందరూ రాయి మీదకి వచ్చారు. నాకూ ఒక ప్లేటు పెట్టారు. తింటూ ఆ మొక్కల గురించి చెప్పాను. పక్క శిఖరాల మీద తుంగను కూడా ఇలాగే కాపాడుతున్నామని చెప్పాను. ఆయన తినడం ఆపారు. "తుంగనా? తుంగని కాపాడటమేంటమ్మా?" నేను మంచుపలక గురించి, పన్నెండు వేల ఏళ్ల గురించి మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, ఆ మొక్కల పక్కన బోడిగా ఉన్న మట్టి చారను చూపించి, తనే చెప్పారు. "గట్టు మీద తుంగ చెక్కేస్తే వానకి గట్టు జారిపోతుంది కదా. ఇక్కడా అంతేనన్నమాట. చేలో ఉంటే కలుపు, గట్టు మీద ఉంటే కట్టుబడి."

నేను రెండు నెలలుగా వెతుకుతున్న వాక్యం అది. ఇంగ్లీషులో చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పడుతున్న సంగతి ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ రోజు నుంచి నేను రైతులు ఎదురైతే గట్టు గురించి, ఇళ్లు కట్టేవాళ్లు ఎదురైతే పునాది గురించి, నర్సులు ఎదురైతే గాయం మీద కట్టే పొర గురించి మాట్లాడాను. మొక్క అదే. వినే మనిషి ఇంటి దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

మీలో కొందరు పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూసొచ్చి ఉంటారు. మొన్న నేనూ వెళ్లాను. తెల్లారకముందే బారులు తీరిన జనం, పక్కన తొక్కుడుకి ఎర్రగా తేలిన మట్టి. ఆ కొండ వేరు, మొక్కలు వేరు, ఆ ఊళ్లవాళ్ల బతుకుతెరువు వేరు. అక్కడిది తెచ్చి ఇక్కడ అతికించమని నేను చెప్పను. కానీ ఆ దారి పక్కన ఉన్న మొక్కల పేర్లు మీకు తెలుసు. స్థానిక గిరిజన యువతకు మీకంటే ఎక్కువ తెలుసు. సీజన్‌లో ఆ దారిలో నిలబడి ఎక్కేవాళ్లతో మాట్లాడే మనిషి మాత్రం నాకు కనపడలేదు. ఈ డిపార్ట్‌మెంట్ ఆ ఊళ్లవాళ్లతో కూర్చుని ఒక్క సీజన్ ప్రయత్నిస్తే, నేను సెలవు పెట్టుకుని వచ్చి పనిచేస్తాను. ఇది మాటవరసకు అంటున్నది కాదు. నా నంబరు మేడమ్ గారి దగ్గర ఉంది.

చివరగా ఒక ఫొటో పని గురించి చెప్పి ఆపేస్తాను. శిఖరాల మీద కొన్ని చోట్లను గుర్తుపెట్టి, ఏళ్ల తరబడి అదే చోటు నుంచి అదే కోణంలో ఫొటోలు తీస్తారు. రెండో సీజన్ ఆగస్టులో ఆ పనిలో నేనూ ఉన్నాను. చేతిలో పాత ఫొటో ప్రింటు. అందులో ఒక పగిలిన రాయి, దాని ముందు బోడి మట్టి, మట్టిలో బూటు గుర్తులు. ఆ రాయిని వెతుక్కుంటూ అరగంట తిరిగాను. దొరకలేదు. తోటి స్టూవర్డ్ వచ్చి, నువ్వు దాని ఎదురుగానే నిలబడ్డావు అంది. మట్టి కోసం వెతుకుతున్నాను కాబట్టి నాకు కనపడలేదు. మట్టి ఉన్న చోట నాచు, నాచులోంచి సెడ్జ్, అంచున తెల్లపూల సాండ్‌వర్ట్ మొక్క. రాయి పగులు మాత్రం అలాగే ఉంది.

ఆ రెండు ఫొటోలూ ఇప్పుడు తెర మీద పెడుతున్నాను. వెనక లైట్లు కాస్త ఆపుతారా? పగిలిన రాయి ఎక్కడుందో ముందు కనిపెట్టండి, తర్వాత ప్రశ్నలు అడుగుదురు గాని.